మాల వేసే ముందు, మాల తీసిన తరువాత: మద్యం మాన్పించాలనుకునే కుటుంబం చేయవలసిన పనులు

కార్తీక మాసం దగ్గర పడుతున్నదంటే విజయవాడలోనూ గుంటూరులోనూ ఎన్నో ఇళ్లలో ఒకే ఆశ మొలకెత్తుతుంది. "ఈసారి భవానీ మాల వేయిద్దాం, మానేస్తాడు" అని తల్లి అంటుంది. "అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు ముట్టడు, ఆ తరువాత అలవాటే పోతుంది" అని భార్య నమ్ముతుంది. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయను. అప్పుడప్పుడు తాగే మనిషికి దీక్ష నిజంగానే మేలు చేస్తుంది. అయితే ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్క పూటలో పూర్తిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చునన్న సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు.

మా ఇంట్లోనూ తెలియదు. మా మేనమామ గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేసేవాడు. ఒక ఏడాది మాల వేసుకున్న మూడో రాత్రి ఆయన గోడ మీద చీమలు బారులు తీరుతున్నాయని చేత్తో తుడవడం, యార్డులో ఉన్నట్లే టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. స్వామి పూనాడని కొందరు, నియమం తప్పిందని కొందరు అన్నారు. కొబ్బరికాయ కొట్టడంలోనూ సెలైన్ ఎక్కించడంలోనూ ఒక పూట గడిచిపోయింది. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాక గానీ పెద్దాసుపత్రికి తీసుకువెళ్లలేదు. ఆయన బతికాడు. ఆ ఒక్క పూట ఎంత విలువైనదో అక్కడి డాక్టరు చెప్పిన తరువాతే మాకు అర్థమైంది. ఆ పూట మీ ఇంట్లో వృథా కాకూడదని ఇది రాస్తున్నాను.

మన వాడుకలో "మందు" అన్న మాటకు రెండు అర్థాలున్నాయి కాబట్టి, గందరగోళం లేకుండా తాగేదాన్ని మద్యం అనీ, డాక్టరు రాసేదాన్ని మందు అనీ అంటాను.

మొదట లెక్క రాయండి

మాన్పించే ప్రయత్నం మొదలుపెట్టక ముందే ఒక వారం పాటు ఆయన ఏం తాగుతున్నారో, ఎంత తాగుతున్నారో, రోజులో మొదటి గుక్క ఎప్పుడు పడుతున్నదో ఒక కాగితం మీద రాయండి. ఆయనే రాస్తే మరీ మంచిది. "అప్పుడప్పుడు కొంచెం" అన్న మాటతో డాక్టరుకు ఏమీ తెలియదు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ బ్రాందీలో గానీ విస్కీలో గానీ దాదాపు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో దాదాపు 40 గ్రాములు ఉంటుంది. బీరు మద్యమే కాదన్నట్లు మాట్లాడేవారు ఈ లెక్కను గమనించాలి: మూడు స్ట్రాంగ్ బీర్లు రెండు క్వార్టర్లతో సమానం. నాటుసారాలో ఎంత ఉన్నదో చెప్పలేము, అందులో ఏం కలిసిందో అసలే చెప్పలేము కాబట్టి దాన్ని విడిగా రాయండి.

తరువాత ఆయన శాంతంగా ఉన్న సమయంలో నాలుగు ప్రశ్నలు అడగండి. తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎవరైనా మీ తాగుడు గురించి మాట్లాడితే చిరాకు వచ్చిందా? తాగినందుకు తప్పు చేశానన్న బాధ కలిగిందా? పొద్దున లేవగానే చేతులు నిలకడగా ఉండటానికో, నిన్నటి నలత పోవడానికో తాగవలసి వచ్చిందా? డాక్టర్లు కూడా ఇవే ప్రశ్నలు అడుగుతారు. రెండింటికి అవునని జవాబు వస్తే డాక్టరును కలవాలి. నాలుగో ప్రశ్న ఒక్కదానికే అవునన్నా నేనైతే ఆగను, ఎందుకంటే పొద్దున్నే తాగితే తప్ప వణుకు తగ్గని శరీరం మద్యం మీద ఆధారపడిపోయిందని అర్థం. అటువంటి మనిషి చేత ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పించడం ప్రమాదకరం.

అలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవాలి

మెదడును ఆటోనగర్‌కు వచ్చే లారీ అనుకోండి. మద్యం మెదడులో బ్రేకును తొక్కి పడుతుంది. అందుకే తాగిన మనిషికి మాట తడబడుతుంది, మగత కమ్ముతుంది. రోజూ బ్రేకు పడుతూనే ఉంటే, బండిని నడిపించడానికి మెదడు యాక్సిలరేటరును మరింత గట్టిగా నొక్కడం నేర్చుకుంటుంది. నెలలూ సంవత్సరాలూ అలా గడిచాక ఒక రోజు బ్రేకు మీద నుంచి కాలు పూర్తిగా తీసేస్తే, నొక్కి ఉన్న యాక్సిలరేటరుతో బండి ఎటు దూసుకుపోతుందో ఊహించవచ్చు. వణుకు, చెమటలు, గుండె దడ, నిద్ర పట్టకపోవడం, ఫిట్స్, భ్రమలు అన్నీ ఆ వేగం వల్ల వచ్చేవే. మనిషి మనసు గట్టిదా కాదా అన్నదానితో వీటికి సంబంధం లేదు. గట్టి సంకల్పంతో, నిండు భక్తితో మానిన మనిషికి కూడా ఇవి వస్తాయి.

దీక్ష నియమాలు ఆ మొదటి రోజుల్లో శరీరాన్ని ఇంకొంత కష్టపెడతాయి. ఎక్కువగా తాగేవారు సరిగ్గా తినరు, తిన్నది కూడా సరిగ్గా ఒంటబట్టదు కాబట్టి వారి ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, చాలా తక్కువగా ఉంటుంది. దానికి ఒంటిపూట భోజనం, తెల్లవారుజామున చన్నీటి స్నానం, నేల మీద పడక తోడైతే ఏ డాక్టరైనా కంగారు పడతారు. థయమిన్ బాగా తగ్గిన మనిషికి మాట పొందిక తప్పడం, అడుగు తూలడం, కళ్లు ఒక చోట నిలవకపోవడం కనిపిస్తాయి. తాగకపోయినా తాగినట్లే ఉన్నాడని ఇంట్లోవారు పొరబడేది ఇక్కడే. వెంటనే థయమిన్ ఇంజెక్షన్లు పడకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

అందుకే ఒక మాట గట్టిగా చెబుతాను. నీరసంగా ఉన్నాడని వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ సీసా ఎక్కించకండి. థయమిన్ తక్కువగా ఉన్న ఒంట్లోకి గ్లూకోజ్ ముందుగా వెళితే, దాన్ని ఖర్చు చేయడానికి మిగిలిన ఆ కాస్త థయమిన్ కూడా అయిపోయి మెదడుకు హాని పెరగవచ్చు. థయమిన్ ఇచ్చిన తరువాత గానీ, దానితో పాటుగా గానీ గ్లూకోజ్ ఇవ్వాలన్నది ఆసుపత్రుల్లో పాటించే క్రమం. ఎక్కడ సెలైన్ పెట్టినా "ఆయన రోజూ తాగుతారు, థయమిన్ ఇచ్చారా?" అని అడగండి. అడగటానికి మొహమాటపడకండి.

మిగిలిన హాని చాలావరకు మీకు తెలిసినదే. కాలేయంలో కొవ్వు చేరి, వాచి, చివరకు గట్టిపడటం, క్లోమం వాచి భరించలేని కడుపునొప్పి రావడం, రక్తపోటు పెరగడం, నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, ఆడవారిలో రొమ్ము క్యాన్సర్లు. షుగరుకు మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవారు తిండి లేకుండా తాగితే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. మద్యాన్ని క్యాన్సర్ కారకంగా 1988లోనే గుర్తించారు. ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. కొంచెం తాగితే గుండెకు మంచిదన్న మాటను పట్టుకుని ఇంట్లో వాదించేవారికి ఈ సంగతి చెప్పండి.

ఎప్పుడు, ఎలా మాట్లాడాలి

తాగి వచ్చిన రాత్రి మాట్లాడకండి. ఆ రాత్రి మీరు అన్నది ఆయనకు గుర్తుండదు, ఆయన అన్నది మీరు మరచిపోలేరు. పొద్దున్నే, పిల్లలు బడికి వెళ్లాక, ఇద్దరే ఉన్నప్పుడు కూర్చోండి. బావమరుదులనూ పెద్దమనుషులనూ పిలిచి పంచాయితీ పెట్టడం వల్ల సిగ్గు పెరుగుతుంది తప్ప తాగుడు తగ్గదు. "తాగుబోతు" అన్న మాటకు బదులు మీరు కళ్లారా చూసింది చెప్పండి: "మొన్న గ్లాసు పట్టుకున్నప్పుడు మీ చేయి వణికింది, నాకు భయమేసింది. ఒకసారి డాక్టరుకు చూపించుకుందాం, నేనూ వస్తాను." మానేస్తానని మాట ఇవ్వమని ఆ రోజే ఒట్టు వేయించుకోకండి, డాక్టరు దగ్గరకు రావడానికి ఒప్పుకుంటే చాలు. ఆయన మాల వేసుకోవాలని అనుకుంటూ ఉంటే అది మీకు దొరికిన మంచి అవకాశం. "మాల వేసుకునే ముందు ఒంట్లో బాగుందో లేదో చూపించుకుని, నిష్ఠగా చేద్దాం" అంటే చాలామంది కాదనరు.

తిడితే ఓర్చుకోండి, కొడితే మాత్రం ఓర్చుకోవద్దు. చేయి చేసుకుంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేయండి. జబ్బు ఉన్నంత మాత్రాన కొట్టే హక్కు రాదు. పిల్లలు భయపడుతున్నా దెబ్బలు తింటున్నా 1098 ఉంది.

మాలకు రెండు వారాల ముందే ఆసుపత్రికి

గుంటూరులో ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రి, విజయవాడలో ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రి, రెండు ఊళ్ల మధ్య మంగళగిరిలో ఎయిమ్స్ ఉన్నాయి. మూడింటిలోనూ మానసిక వైద్య విభాగం ఉంది, మద్య వ్యసనానికి అక్కడే చూపించుకోవాలి. "పిచ్చి డాక్టరు దగ్గరకా" అని ఆయన వెనుకాడితే, మెదడులో బ్రేకు సరిచేసే డాక్టరని చెప్పండి. వెళ్లే ముందు సందేహాలుంటే టెలిమానస్ 14416కు గానీ, వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు గానీ ఫోన్ చేయవచ్చు. టెలిమానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.

ఓపీ చీటీ పొద్దున్నే రాయించుకోండి. మీరు వారం రోజులు రాసిన లెక్క, ఆధార్ కార్డు, ఇంతకు ముందు చూపించుకున్న కాగితాలు, ప్రస్తుతం వేసుకుంటున్న బీపీ, షుగరు మాత్రల పట్టీలు వెంట తీసుకువెళ్లండి. చివరిసారి ఎప్పుడు తాగారో గంటతో సహా చెప్పండి. ఇంతకు ముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, భ్రమలు కలిగాయా అన్నది తప్పక చెప్పండి. ఒకసారి వచ్చినవారికి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అటువంటివారినీ, కాలేయం బాగా దెబ్బతిన్నవారినీ, వయసు మళ్లినవారినీ, గర్భిణులనూ, చనిపోవాలనిపిస్తోందని అన్నవారినీ, ఇంట్లో చూసుకునే తోడు లేనివారినీ ఆసుపత్రిలో ఉంచే మాన్పిస్తారు. మిగిలినవారికి మాత్రలు రాసి ఇంటికి పంపవచ్చు.

ఆ మాత్రలు సాధారణంగా క్లోర్‌డయాజెపాక్సైడ్ గానీ, కాలేయం బాగా లేనివారికి లొరాజెపామ్ గానీ అయి ఉంటాయి. మద్యం మానడంతో పోయిన బ్రేకు స్థానంలో ఇవి కొంతకాలం తాత్కాలిక బ్రేకుగా పనిచేస్తాయి. మోతాదును రోజురోజుకూ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేస్తారు. కాబట్టి మాత్రలు మీ దగ్గరే ఉంచుకుని చీటీలో ఉన్నట్లే ఇవ్వండి. బాగా నిద్ర పట్టిందని నెలల తరబడి మందుల షాపులో కొని వాడితే వీటికే అలవాటు పడిపోతారు. వీటి మీద మద్యం తాగితే ఊపిరి మందగించి ప్రాణం పోవచ్చు. రెండు వారాల ముందు వెళ్లమన్నది ఇందుకే: మాల మెడలో పడే రోజుకు ఆ గండం గడిచిపోయి ఉంటుంది. గురుస్వామికి కూడా ఈ సంగతి చెప్పండి. ఒంట్లో బాగాలేని స్వామికి రెండు పూటల భోజనమూ వేడినీటి స్నానమూ ఎక్కువ కాలం కొనసాగించమని డాక్టరు చెబితే కాదనే గురుస్వామిని నేను చూడలేదు. దీక్షలో ఉండగా డాక్టరు రాసిన మాత్ర వేసుకుంటే నియమభంగం కాదు.

ఈ పాటి వైద్యం కూడా మన దేశంలో ఎంత తక్కువమందికి అందుతున్నదో 2019లో వెలువడిన జాతీయ సర్వే చూపింది. మద్యం మీద ఆధారపడిన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్సో సహాయమో అందింది. మిగిలిన 37 మంది ఇళ్లలో ఒట్లు, తిట్లు, తాయెత్తులే.

మొదటి నాలుగు రోజులు

చివరి గుక్క తాగిన గంట నుంచి లెక్కపెట్టండి. ఆరు గంటలు మొదలు ఒక రోజు లోపల చేతుల వణుకు, చెమటలు, వాంతి వచ్చినట్లుండటం, కోపం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటుంది. రెండో రోజు దాటి నాలుగో రోజు వరకు, కొందరిలో ఇంకా ఒకటి రెండు రోజులు, అన్నిటికన్నా ప్రమాదకరమైన మతిభ్రమణ స్థితి రావచ్చు: ఉన్నచోటు తెలియకపోవడం, లేని పురుగులో మనుషులో కనిపించడం, గుక్కతిప్పుకోకుండా మాట్లాడటం, జ్వరం, గుండె వేగం. వైద్యం లేకపోతే దీనివల్ల చనిపోయేవారు చాలామందే ఉండేవారు. సకాలంలో వైద్యం అందితే నూటికి తొంభై అయిదు మందికి పైగా బతుకుతారు. ఇది పూనకం కాదు, గాలి సోకడం కాదు. ఈ లక్షణాల్లో ఏది కనిపించినా 108కి ఫోన్ చేసి "రోజూ తాగే మనిషి, రెండు రోజులుగా మానేశాడు" అన్న వాక్యం ముందుగా చెప్పండి.

ఆ నాలుగు రోజులూ ఆయన పక్కన ఒకరు ఎప్పుడూ ఉండాలి. గదిలో వెలుతురు ఉంచండి. చీకట్లో భ్రమలు పెరుగుతాయి. ఇంట్లో టీవీ శబ్దం తగ్గించండి. మజ్జిగ, కొబ్బరినీళ్లు, జావ, పలచని పప్పన్నం కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. కాఫీ, టీ తగ్గించండి. గదికి గొళ్లెం పెట్టకండి, కాళ్లూ చేతులూ కట్టకండి.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటి బట్ట పెట్టి, బట్టలు వదులు చేయండి. నోట్లో చెంచా పెట్టకండి, నీళ్లు పోయకండి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం మన ఊళ్లలో దాదాపు ఆచారమైపోయింది, ఇనుముకు ఫిట్స్ ఆపే గుణం లేదు. తాళాలు వెతికే సమయంలో 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ దానంతట అది ఆగిపోయినా ఆసుపత్రికి తీసుకువెళ్లాల్సిందే.

"తెలియకుండా మాన్పిస్తాం" అనేవారి గురించి

కరెంటు స్తంభాల మీదా ఆటోల వెనుకా ఈ ప్రకటన చూసే ఉంటారు. కూరలో కలిపితే చాలు, వాసన రాదు, రుచి మారదు అంటారు. అటువంటి పొడుల్లో ఏముందో చెప్పేవారుండరు. కొన్నిసార్లు ఇంట్లోవారే మందుల షాపులో డైసల్ఫిరామ్ మాత్రలు తెచ్చి మజ్జిగలో కలుపుతారు. డైసల్ఫిరామ్ మంచి మందే, అయితే తాగకూడదన్న సంగతి వేసుకునే మనిషికి తెలిసి ఉండాలి, ఆయన ఒప్పుకుని ఉండాలి. ఒంట్లో ఆ మందు ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవారు చనిపోవచ్చు కూడా. చివరి మాత్ర వేసుకున్న రెండు వారాల వరకు ఆ ప్రమాదం ఉంటుంది. తెలియక తాగిన మనిషికి ఆ స్థితి తెచ్చిపెట్టడం మాన్పించడం అనిపించుకోదు. తెలిసి వాడేవారు కూడా ద్రాక్షారిష్టం, అశ్వగంధారిష్టం వంటి ఆయుర్వేద అరిష్టాలను, ఆల్కహాలు ఉన్న దగ్గు మందులను దూరంగా పెట్టాలి. అరిష్టాల్లో పులియడం వల్ల ఆల్కహాలు సహజంగానే పుడుతుంది.

ప్రైవేటు డీఅడిక్షన్ కేంద్రంలో చేర్చే ముందు మీరే వెళ్లి చూడండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది కాబట్టి ఆ కేంద్రం రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థ దగ్గర నమోదై ఉండాలి. నమోదు పత్రం అడగండి. మానసిక వైద్యుడు ఏ రోజుల్లో వస్తాడో, రాత్రి పూట ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారో, ఇంట్లోవారిని ఎప్పుడు కలవనిస్తారో అడగండి. మొదటి నెలంతా ఎవరూ రాకూడదు, ఫోన్ కూడా చేయకూడదు అంటే అక్కడ చేర్చకండి. ఎవరినీ ఏ రూపంలోనూ గొలుసులతో కట్టరాదని ఆ చట్టమే చెబుతున్నది. రాత్రికి రాత్రి నలుగురు వచ్చి వ్యానులో ఎక్కించుకుపోవడం వైద్యం కాదు. మనిషి తన ఇష్టంతో చేరడమే అసలు పద్ధతి. నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే, ఆయన తరఫున ప్రతినిధి దరఖాస్తు చేసి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించిన తరువాతే చేర్చుకోవాలి.

నలభై రెండో రోజు

మాలలో ఉన్న 41 రోజులు ఆయన ఎందుకు తాగలేదో ఆలోచించండి. దైవభయం ఒక్కటే కారణం కాదు. తెల్లవారక ముందే లేచేవాడు, సాయంత్రం భజనకు వెళ్లేవాడు, తోటి స్వాములతో కలిసి భిక్ష చేసేవాడు. తిట్టిన నోళ్లే "స్వామీ" అని పిలిచాయి. భార్య కూడా స్వామీ అనే పిలిచింది. సాయంత్రం ఏడు గంటలకు కాళ్లు వైన్ షాపు వైపు పోకుండా ఆయనకు వేరే చోటు ఉంది, వేరే మనుషులు ఉన్నారు, వేరే పేరు ఉంది. ఇంద్రకీలాద్రి మీదో శబరిమలలోనో దీక్ష విరమించి ఇంటికి రాగానే ఈ మూడూ ఒక్కసారిగా మాయమవుతాయి. పాత స్నేహితులు "మాల తీశావుగా" అంటూ గుమ్మం ముందుకు వస్తారు. నా దృష్టిలో తాగుడు మళ్లీ మొదలయ్యేది ఇక్కడే, ఈ ఖాళీలోనే.

కాబట్టి మాల తీసే రోజు కోసం నెల ముందే ఏర్పాటు చేసుకోండి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు ఆయన ఎక్కడ ఉంటారో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి: గుడిలో భజన కొనసాగించవచ్చు, పిల్లవాడిని ట్యూషన్‌కు తీసుకువెళ్లవచ్చు, అదే మాలలో పరిచయమైన తాగని స్వామితో కలిసి నడకకు వెళ్లవచ్చు. ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు వెళితే తాను పడిన కష్టమే పడినవారు పక్కన కూర్చుని మాట్లాడతారు. ఫీజు ఉండదు, ఇంటిపేరు అడగరు. పని నుంచి ఇంటికి వచ్చే దారిలో షాపు ఉంటే దారి మార్చండి. శనివారం బట్వాడా అయ్యే పని అయితే ఆ సాయంత్రం మీరు ఎదురు వెళ్లండి. వేసవిలో యార్డుకు సెలవులిచ్చి చేతిలో పని లేకుండా పోయే రోజులు, సంక్రాంతి కోడిపందేలు, పెళ్లి ముందు రోజు రాత్రి ఇచ్చే పార్టీలు కేలెండరులో ముందుగానే గుర్తు పెట్టుకోండి. తాగాలన్న తపన అల లాంటిది, చాలాసార్లు అరగంట లోపల తగ్గిపోతుంది. ఆ అరగంట కడుపు నిండా తినడం, ఎవరికో ఒకరికి ఫోన్ చేయడం, తలమీద నీళ్లు పోసుకోవడం చిన్న పనులే అయినా పనిచేస్తాయి.

ఆ తపనను తగ్గించే మందులు కూడా ఉన్నాయి. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్, కాలేయం గట్టిపడినవారికి బాక్లోఫెన్ వంటివి డాక్టరు చూసి రాస్తారు. వీటిని నెలల తరబడి వాడవలసి ఉంటుంది కాబట్టి బాగున్నాడు కదా అని మీ అంతట మీరు ఆపకండి. బీపీ మాత్ర బాగున్నప్పుడే వేసుకుంటాం కదా, ఇదీ అంతే.

ఒక రోజు తాగి రావచ్చు. ఆ రోజు ఇల్లంతా కూలిపోయినట్లు ఉంటుంది, నాకు తెలుసు. అయినా ఆ రాత్రి ఏమీ అనకండి; మర్నాడు పొద్దున "నిన్న ఏమైంది, ఎక్కడ మొదలైంది" అని మాత్రమే అడిగి, ఆ వారంలోనే డాక్టరు దగ్గరకు వెళ్లండి. చాలామంది రెండు మూడు ప్రయత్నాల తరువాతే నిలబడతారు. ఒక సంగతి మాత్రం ముందే చెప్పి ఉంచండి: నెలన్నర మానిన శరీరానికి పాత మోతాదు తట్టుకునే శక్తి ఉండదు, మునుపటిలా ఒకేసారి తాగితే స్పృహ తప్పి ఊపిరి ఆగవచ్చు.

ఇంట్లో పిల్లవాడి దగ్గర గంజాయి పొట్లం దొరికితే

విజయవాడ చుట్టుపక్కల ఇంటర్ హాస్టళ్లలో పిల్లలను ఉంచిన తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. గంజాయిని ఆపితే మద్యం లాగా ప్రాణం మీదికి రాదు; నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఆకలి మందగించడం రెండు మూడు వారాలు ఉండి తగ్గుతాయి. అయితే ఇరవై అయిదేళ్ల వరకూ ఎదుగుతూనే ఉండే మెదడుకు అది చేసే హాని పెద్దది. చదివింది నిలవదు, దేని మీదా ఆసక్తి ఉండదు, కొందరిలో ఎవరో వెంటపడుతున్నారన్న అనుమానమూ చెవిలో మాటలూ మొదలవుతాయి. అవి మొదలైతే ఆ వారమే మానసిక వైద్యుడికి చూపించండి. కొట్టి, ఫోన్ లాక్కుని, ఊరికి పంపేస్తే సమస్య కళ్లకు కనిపించకుండా పోతుంది, అంతే.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో డాక్టరు దగ్గరకు వెళ్లనివారు ఎందరో ఉన్నారు. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టంలోనే 64ఎ సెక్షన్ ఉంది. స్వల్ప పరిమాణంతోనో, వాడకంతోనో పట్టుబడిన వ్యసనపరుడు తన ఇష్టంతో ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకు చేరి దాన్ని పూర్తి చేస్తే విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది. అమ్మేవారి సమాచారం ఇవ్వాలంటే రాష్ట్రంలో 1972 నంబరు ఉంది.

నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు పట్టీలకు పట్టీలు కనిపిస్తే పొట్లం దొరికినదానికన్నా ఎక్కువగా కంగారు పడండి. ట్రమడాల్ వంటివి మోతాదు మించితే ఊపిరి మందగిస్తుంది; కంటిపాపలు సూదిమొనంతగా చిన్నవై, పిలిస్తే పలకకుండా, గురక పెడుతూ ఉంటే నిద్రపోతున్నాడని వదిలేయకుండా 108కి ఫోన్ చేసి, పక్కకు తిప్పి, ఊపిరి ఆడుతున్నదో లేదో చూస్తూ ఉండండి. పట్టీలను పారేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మీరు

ఇన్నాళ్లూ ఆయన ఎంత తాగాడో లెక్కపెడుతూ మీరు ఎంత తిన్నారో, ఎంత నిద్రపోయారో మరచిపోయి ఉంటారు. ఆయనను ఓపీకి తీసుకువెళ్లిన రోజే మీ నిద్ర గురించి, మీ దిగులు గురించి ఆ డాక్టరుకే చెప్పండి. టెలిమానస్ నంబరు మీ కోసం కూడా. ఆయన అప్పులు మీరు తీర్చకండి, పనికి రాలేదని యజమాని ఫోన్ చేస్తే జ్వరమని అబద్ధం చెప్పకండి. పిల్లలకు మాత్రం నిజం చెప్పండి, వయసుకు తగినట్లు: "నాన్నకు జబ్బు చేసింది, డాక్టరు చూస్తున్నారు, అది నీ వల్ల కాదు."

మాల తీసే తేదీ తెలియగానే దానికి మరుసటి రోజుకో, రెండో రోజుకో మానసిక వైద్య విభాగానికి వెళ్లేలా డాక్టరును అడిగి ఓపీ చీటీ వెనుక తేదీ రాయించుకోండి. ఇరుముడి కట్టే రోజున ఆ చీటీ ఆయన జేబులోనే పెట్టండి.